పేజీ అడుగున పెన్సిల్ రాత

రోజారాణికి భయమేస్తే కుడిచేతి బొటనవేలి గోరు చూపుడువేలి కొస మీద ఆడుతుంది. చుట్టిన బీడీ మూతిని లోపలికి మడిచి నొక్కే కదలిక అది. మెట్‌పల్లిలో వాళ్ల అమ్మ శంకరవ్వ ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. కూతురు చుట్టింది సెలవుల్లోనే అయినా చేతికి ఆ పని అంటుకుంది. రెండేళ్ల క్రితం మొదటిసారి మా జిరాక్స్ దుకాణానికి వచ్చినప్పుడు, కాగితాలు మిషన్‌లోంచి వస్తున్నంతసేపూ ఆమె వేలు అలా ఆడుతూనే ఉంది, ఏ పేజీ అయినా తప్పిపోతుందేమోనని.

మా దుకాణం కరీంనగర్‌లో ఒక నర్సింగ్ స్కూలుకు వెళ్లే సందు మొదట్లో ఉంటుంది. నేను బడిలో చదివింది తొమ్మిదో తరగతి వరకే. ఆ తర్వాత చదువుకున్నదంతా ఈ మిషన్‌లోంచి బయటికొచ్చిన కాగితాల మీదనే. గిరాకీ లేనప్పుడు పాడైన కాపీలు తిరగేస్తూ కూర్చుంటాను. అర్థం కానిది నర్సింగ్ పిల్లలను అడుగుతాను. కొందరు నవ్వి పోతారు. రోజారాణి మాత్రం కౌంటర్ మీద మోచేతులు ఆనించి ఓపిగ్గా చెప్పేది. చెబుతుంటే తనకూ గుర్తుంటుందట. ఇక్కడ రాస్తున్నదంతా అలా ఆమె విడతలు విడతలుగా చెబితే విన్నదే.

ఆమె గొంతు పెద్దది. తండ్రి దేవదాస్ ఇరవై ఏళ్లు మరమగ్గాల చప్పుడులో పనిచేసి వినికిడి పోగొట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఉప్పు అందించమన్నా వీధి చివరికి వినపడేలా చెప్పాలి. హాస్టల్లోనూ వార్డులోనూ ఆమెను మెల్లగా మాట్లాడమని చెప్పనివాళ్లు లేరు. భయం ఎక్కువైతే మాత్రం ఆ గొంతు పూర్తిగా పడిపోతుంది, లేదంటే మరీ పెద్దదవుతుంది. మధ్యలో ఉండదు.

ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లకు నర్సింగ్ రెండో ఏడు మందుల పాఠం చాలా కష్టమైంది. బీపీకి వాడే మందులే ముప్పై దాకా ఉన్నాయి. ఏది ఎప్పుడు ఇవ్వకూడదో, ఏది ఇస్తే ఏ రక్తపరీక్ష చూడాలో, ఆ పరీక్షలో ఎంత ఉంటే మంచిదో, ఎంత దాటితే పరుగెత్తి డాక్టర్‌ను పిలవాలో అన్నీ ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. అలాంటి పిల్లల కోసమే, వాళ్లు డ్యూటీ చేసే ఆసుపత్రిలో మెడికల్ వార్డు ఇన్‌ఛార్జి నర్మద సిస్టర్ ఒక పొడుగాటి రిజిస్టర్ నిండా తెలుగులో నోట్సు రాసిపెట్టింది. గుండ్రటి రాత, వంకర లేని గీతలు. పిల్లలు ఆ రిజిస్టర్‌ను ఒక మధ్యాహ్నం పూట అడిగి తెచ్చుకుని నా దగ్గర ముప్పై సెట్లు తీయించుకున్నారు.

రిజిస్టర్ పేజీ నా కాగితం కంటే పొడుగు. కొంచెం చిన్నది చేసి తీయాల్సింది. నాలుగింటికల్లా తిరిగి ఇవ్వాలని పిల్లలు తొందరపెడుతుంటే ఉన్నదున్నట్టు తీసేశాను. పదకొండు పేజీల్లో అడుగు పంక్తి తెగిపోయింది. మర్నాడు రోజారాణి ఒక్కతే ఆ సంగతి పట్టుకుని వచ్చింది.

“సిస్టర్‌ను మల్లొకసారి రిజిస్టర్ అడుగరాదు బిడ్డా, తీసిస్త” అన్నాను.

“నర్మద సిస్టర్‌నా? నాతోని కాదు కాకా. నిన్న పేజీ మడతపడ్డదని కోమలను అరగంట నిలవెట్టింది. ఒక్కొక్క లైనే గద. పై లైన్లు చూసుకుంట నేనే రాసుకుంట.”

“రాసుకో మరి” అన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

ఆమె పెన్సిల్‌తో పదకొండు పేజీలూ పూర్తి చేసుకుంది. పుస్తకం చూసి కొన్ని, వార్డులో అందరూ చేసేది చూసి కొన్ని. రాత కూడా నర్మద సిస్టర్ రాతలాగే గుండ్రంగా రాసింది. నెల తిరిగేసరికి ఏది సిస్టర్ మాటో ఏది తన మాటో తనకే గుర్తు లేకుండా పోయింది.

ఆ నోట్సు పట్టుకుని దసరా సెలవులకు ఇంటికి పోయింది. చాటలు ఒళ్లో పెట్టుకుని అమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు గోడ నీడన బీడీలు చుడుతుంటే మధ్యలో కూర్చుని పైకి చదివేది.

“మనకు ఇంటిపేరు ముందుంటది అవ్వా. గోలీలకు ఎనక ఉంటది. చివరికి ఒలోల్ అని వస్తే అందరు ఒక్క ఇంటోళ్లు. ప్రిల్ అంటే ఒక ఇల్లు, సార్టన్ అంటే ఒక ఇల్లు. గా ఇంటి గుణమేందో తెలిస్తే అందరి గుణం తెలిసినట్టే.”

“మరి నేను మింగేది ఏ ఇంటిదే?” అని అడిగింది శంకరవ్వ. ఆమెకు మూడేళ్లుగా బీపీ.

“నీది ఆమ్లోడిపిన్. డిపినోళ్ల ఇల్లు.”

“మంచోళ్లేనా?”

“మంచోళ్లే. జర కాళ్లు ఉబ్బుతయ్.”

“ప్రిలోళ్లకు ఏమైతది?” పక్కింటామె అడిగింది.

“పొడి దగ్గు వస్తది.”

“అయితే తంబాకు దుమ్ముకు మేమందరం ప్రిలోళ్లమే” అని ఆమె దగ్గి మరీ చూపించింది. కత్తెరలు ఆపి అందరూ నవ్వారు. అప్పటి నుంచి ఆ గోడ దగ్గర ఎవరు దగ్గినా ‘ప్రిలోళ్లు వచ్చిండ్రు’ అనడం మామూలైంది.

శంకరవ్వ చీర కొంచెం పైకి జరిపి కాళ్లు చూపించింది. మడమల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోంది. రోజారాణి నోట్సు తిరగేసింది. డిపిన్ మందుల పేజీ అడుగున ఉంది: ‘పాదాల వాపు కనబడితే నీళ్లు, ఉప్పు బాగా తగ్గించాలి.’

“నీళ్లు తక్కువ తాగు అవ్వా. ఉప్పు గూడ తగ్గించు” అంది.

“సర్కారు దవాఖాన్ల నర్సు గట్ల చెప్పలే గదనే.”

“ఆమె చదివి ఎన్నేండ్లయిందో. నాది కొత్త చదువు.”

శంకరవ్వ ఆ మాటకు మురిసిపోయి రోజుకు రెండు చెంబులతో సరిపెట్టుకోవడం మొదలుపెట్టింది.

అసలు సంగతి ఏప్రిల్‌లో జరిగింది. మెడికల్ వార్డులో రోజారాణికి నెల రోజుల డ్యూటీ పడింది. ఆ నెల సక్రమంగా పూర్తయిందని నర్మద సిస్టర్ సంతకం పెడితేనే ఏడాది పరీక్షకు కూర్చోనిస్తారు. అంతకుముందు ఏడాది ఒకమ్మాయి ఏదో తప్పు చేసి దాచిందని ఆ సంతకం రాలేదు. ఏడాది వెనకబడిన ఆ అమ్మాయి మళ్లీ రానేలేదు.

వార్డులో ఆరో మంచం సత్తమ్మది. ధర్మపురి దగ్గరి పల్లె. అరవై దాటిన మనిషి. తలనొప్పి, కళ్లు తిరగడంతో మూడు రోజుల క్రితం చేరింది. బీపీ నూట తొంభై. భర్త బాలమల్లు మంచం పక్కన స్టూలు వదిలిపెట్టడు. ఆమె ఏడాదిగా టెల్మిసార్టన్ వాడుతోంది. డాక్టర్ విద్యాధర్ ఆ మోతాదు పెంచి, క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూడమని రాశాడు. సార్టన్ మందులు వాడేవాళ్ల ఒంట్లో పొటాషియం పేరుకుపోవచ్చు, మరీ పెరిగితే గుండె తాళం తప్పుతుంది. అందుకే ఆ పరీక్ష.

విద్యార్థి రక్తం తీసేటప్పుడు పక్కన స్టాఫ్ నర్సు ఉండాలని నియమం. ఆ ఉదయం పక్కనున్న నర్సును, రోజారాణి రబ్బరు పట్టీ కట్టీ కట్టగానే, వేరే మంచం దగ్గరికి పిలిచారు. “నరం దొరికితే తీసెయ్, గిప్పుడే వస్త” అని ఆమె వెళ్లింది.

నరం దొరకలేదు. వేలి కింద తగిలినట్టే తగిలి పక్కకు జారుతోంది.

“పిడికిలి బిగించు అవ్వా. తెరువు. మల్ల బిగించు.”

సత్తమ్మ బుద్ధిగా బిగించింది, తెరిచింది. చేస్తూ చేస్తూ ఉండగా ఆ వేళ్లు వాటంతటవే ఇంకో పనిలోకి జారాయి. బొటనవేలు చూపుడువేలి మీద దొర్లుతోంది, అరచేయి ముడుచుకుంటోంది, గోరు కొసను నొక్కుతోంది.

“ఏం జేస్తున్నవ్ అవ్వా?”

“ఏం లేదు బిడ్డా. సూది అంటే జర గుబులు. చెయ్యి ఖాళీగుంటే ఆగది.”

“చుట్టుడేనా?”

“నీకెట్ల ఎర్క?”

“మా అవ్వ గూడ చుడుతది. మెట్‌పల్లి మాది.”

“ఓ, మనోళ్ల బిడ్డవేనా. ఇగ పొడువు, నాకేం గుబుల్లేదు.”

చేయి ఆపమని రోజారాణికి అనాలనిపించలేదు. ఆ కదలిక చూస్తుంటే తన భయమూ తగ్గింది. పైగా పిడికిలి ఆడిస్తే నరం పైకి వస్తుందని తన నోట్సులోనే ఉంది. పట్టీ నిమిషం దాటి ఉంచకూడదు. మూడు నిమిషాలు దాటింది. చివరికి నరం దొరికింది. గొట్టం నిండింది. స్టాఫ్ నర్సు తిరిగొచ్చేసరికి పత్తి అద్ది మోచేయి మడిచి పెట్టేసింది. ఎవరి సాయం లేకుండా తీసిన మొదటి రక్తం అది. గొట్టం మీద పేరు చీటీని రెండుసార్లు సరిచూసుకుని ల్యాబ్‌కు పంపింది.

పదకొండు గంటలకు ల్యాబ్ టెక్నీషియన్ హరీష్ ఫోన్ చేశాడు. నర్మద సిస్టర్ అంకెలు చీటీ మీద రాసుకుని, ఆఖరి అంకె కింద గీత గీసింది. పొటాషియం ఆరు పాయింట్ రెండు. ఐదు చుట్టుపక్కల ఆగిపోవాల్సింది. వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసింది. ఆయన ఓపీలో ఉన్నాడు.

“రోజా, ఆరో మంచం టెల్మిసార్టన్ ఆపు” అంది సిస్టర్ ఫోన్ పెట్టేస్తూ. “ఈసీజీ తీయించు. ఇన్సులిన్, గ్లూకోజ్ రెడీ పెట్టుమన్నడు సార్. ఇరవై నిమిషాల్ల వస్తుండు.”

పొటాషియం నిజంగా ఎక్కువగా ఉంటే ఇన్సులిన్ దాన్ని రక్తంలోంచి కణాల్లోకి నెట్టి ప్రాణం కాపాడుతుంది. సరిగ్గానే ఉంటే ఉన్న కాస్త కూడా పడిపోతుంది, చక్కెర కూడా పడిపోతుంది. అరవై దాటిన గుండెకు అది మంచిది కాదు. ఈ సంగతి నోట్సులో పేజీ నడిమధ్యలో ఉంది, తెగలేదు.

ఈసీజీ కాగితం మామూలుగా వచ్చినట్టే కనిపించింది. కానీ చూసి చెప్పేంత చదువు తనకు ఉందా? రిపోర్టులో క్రియాటినిన్ పాయింట్ ఎనిమిది ఉంది. అంటే మూత్రపిండాలు బాగా పనిచేస్తున్నాయి. మరి పొటాషియం ఎందుకు పేరుకుంది? వార్డు ఫోన్ నుంచి హరీష్‌కు చేసింది.

“రక్తం పగిలిందా అన్నా?” రక్తకణాలు పగిలితే వాటిలోని పొటాషియం కలిసి అంకె పెరుగుతుంది.

“లే చెల్లె. సీరం తేటగుంది, పగిలితే ఎర్రగయ్యేది. మిషన్ సక్కగుంది. పొద్దటి నుంచి నలభై చూసిన, అన్ని మంచిగనే వచ్చినయ్. ఎవరు తీసిండ్రు శాంపిల్?”

రోజారాణి ఫోన్ పెట్టేసింది.

ఈసీజీకి సత్తమ్మ ఛాతీ మీద పూసిన జిగురు తుడుస్తుంటే ఆమె అడిగింది: “ఏమైంది బిడ్డా, అందరు నా మీదనే పడ్డరు?”

“ఏం లేదవ్వా. ఛాతీల నొప్పి గిట్ల ఉందా? నీరసం?”

“నొప్పి లేదు, నీరసం లేదు. చెయ్యొక్కటి గుంజుతుంది. పొద్దుగాల నువ్వు పట్టీ కట్టినప్పుడు వెయ్యి బీడీలు చుట్టినంత పనైంది దానికి.”

దూది రోజారాణి చేతిలోనే ఆగిపోయింది. జేబులోంచి నోట్సు తీసింది. ‘ఒంట్లోని పొటాషియంలో ఎక్కువ భాగం ఉండేది కండరాల్లో. రక్తంలో ఉండేది చాలా కొంచెం.’ ఇది సిస్టర్ మాట, పేజీ పైన ఉంది. పేజీ చివర: ‘పొటాషియం కోసం రక్తం తీసేటప్పుడు, పట్టీ కట్టాక పిడికిలి’. నల్లటి జిరాక్స్ అక్షరాలు అక్కడితో ఆగిపోయాయి. ఆ కింద పెన్సిల్‌తో: ‘నాలుగైదు సార్లు బిగించి తెరవమనాలి. నరం పైకి వస్తుంది.’

వార్డులో అందరూ అలాగే చేయిస్తారు. అందుకే అలా రాసుకుంది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. అన్ని పరీక్షలకూ చేసేదే అయితే సిస్టర్ దాన్ని పొటాషియం దగ్గరే ప్రత్యేకంగా ఎందుకు రాస్తుంది? బిగించమని కాదేమో. పట్టీ కట్టిన చేయి పనిచేస్తుంటే ఆ కండరంలోది ఆ రక్తంలోకే దిగుతుంది. పోవడానికి దారి ఉండదు. మూడు నిమిషాలు చుట్టింది సత్తమ్మ.

ఇది తను అనుకుంటున్నది మాత్రమే. నిజం కాకపోతే? నిజంగానే ఆరు పాయింట్ రెండు ఉండి, తన మాట విని వైద్యం ఆపితే? అటూ ఇటూ రెండు వైపులా సత్తమ్మే ఉంది.

వరండాలో కోమల ఎదురైంది. పక్క వార్డులో డ్యూటీ. రోజారాణి గుసగుసగా మొత్తం చెప్పింది.

“నోరు మూసుకో” అంది కోమల. “సార్ వస్తుండు గద, ఆయన చూసుకుంటడు. నువ్వు ఒక్కదానివే తీసినవని తెలిస్తే సిస్టర్ సంతకం పెడ్తదా? పోయినేడు ఏమైందో ఎర్కే గద నీకు.”

“గామె దాచిందని పెట్టలేదు.”

“దాచినా పెట్టరు, చెప్పినా పెట్టరు. నా మాట ఇను.”

“నీ నోట్సుల ఆ లైన్ ఉందా?”

“నా నోట్సుల గూడ తెగింది. నేను ఖాళీగనే ఇడిసిపెట్టిన” అంది కోమల. తర్వాత తనే మెత్తబడింది. “జర ఆలోచించు రోజా. మీ బాపు ఎంత తిప్పల పడి చేర్పించిండు.”

రోజారాణి లోపలికొచ్చేసరికి నర్మద సిస్టర్ సిరంజిలోకి ఇన్సులిన్ ఎక్కించి వెలుతురుకు పట్టి గీతలు చూస్తోంది. గ్లూకోజ్ సీసా అప్పటికే స్టాండుకు వేలాడుతోంది. గోడ గడియారం ప్రకారం డాక్టర్ వస్తానన్న ఇరవై నిమిషాల్లో ఇంకా ఆరు మిగిలాయి.

మెల్లగా చెప్పాలనుకుంది. మొదట గొంతు రాలేదు. వచ్చినప్పుడు మెట్‌పల్లిలో దేవదాస్‌కు చెప్పే గొంతు వచ్చింది.

“సిస్టర్, గా పొటాషియం తప్పు. నేనే తప్పు తీసిన.”

వార్డులో పదహారు మంచాలూ ఇటు తిరిగాయి.

“నా చెవులు మంచిగనే ఉన్నయ్” అంది నర్మద సిస్టర్ సిరంజి దించకుండా. “దగ్గరికొచ్చి చెప్పు.”

చెప్పింది. పట్టీ మూడు నిమిషాలు, పక్కన ఎవరూ లేకపోవడం, పిడికిలి, చుట్టడం. చెబుతున్నంతసేపూ బొటనవేలి గోరు ఆడుతూనే ఉంది. సిస్టర్ సత్తమ్మ చేతుల వైపు చూసింది. దుప్పటి మీద ఆ వేళ్లు కూడా ఆడుతున్నాయి. ఇద్దరి చేతులూ ఒకే పని చేస్తున్నాయి.

“పిడికిలి ఎందుకు ఆడించినవ్? నా నోట్సు చదవలేదా?”

రోజారాణి కాగితం అందించింది. సిస్టర్ పేజీ అడుగున ఉన్న పెన్సిల్ రాత చదివింది.

“రాత నాదే అనుకున్న. నాది కాదు” అంది. “నేను రాసింది, పిడికిలి ఆడించనీయొద్దు అని. ఆడిస్తే లేని పొటాషియం కనబడ్తది అని.”

సిరంజికి మూత పెట్టి ట్రేలో పెట్టింది. పారేయలేదు. మూతపెట్టిన ఆ సిరంజినే తలచుకుంటూ తర్వాతి అరగంట ఎలా గడిపిందో రోజారాణి నాకు మూడుసార్లు చెప్పింది.

డాక్టర్ విద్యాధర్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. విషయం విని రోజారాణి వైపు చూడలేదు. ఈసీజీ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. నాడి చూశాడు.

“మల్ల తీయండి, ఇప్పుడే. అర్జెంటని ల్యాబ్‌కు చెప్పండి. అరగంట చూస్త. ఈలోపల మానిటర్ పెట్టండి, అండ్ల జర తేడా కనవడ్డా ఆగేది లేదు, ఇన్సులిన్ పోవాల్సిందే.”

“నేను తీస్త సార్” అంది స్టాఫ్ నర్సు.

“లేదు. రోజా తీస్తది” అంది నర్మద సిస్టర్. “నేను నిలబడ్త.”

ఇది శిక్షో నమ్మకమో రోజారాణికి అర్థం కాలేదు. రెండో చేయి ఎంచుకుంది. కానీ సత్తమ్మ వేళ్లు ఆగితే కదా. చదునుగా పెట్టమంటే పెడుతుంది, మాటల్లో పడగానే మళ్లీ మొదలవుతుంది.

“నేనాపుదామనే అనుకుంట బిడ్డా, గని గది నా మాట ఇనదు.”

రోజారాణి బాలమల్లు వైపు తిరిగింది. “తాతా, నువ్వు జర అవ్వ చెయ్యి పట్టుకో. అరచేయి మీద అరచేయి పెట్టి ఒత్తకుంట పట్టుకో. ముడవనియ్యకు.”

ముసలాయన చుట్టూ చూశాడు. పదహారు మంచాలు చూస్తున్నాయి.

“గిందరి ముందటనా?” అన్నాడు.

“నలభై ఏండ్లకు గిప్పుడు చెయ్యి పట్టుమంటే సిగ్గయితుంది ఆయనకు” అంది సత్తమ్మ. పక్క మంచం ఆమె ముసుగులో నవ్వింది.

బాలమల్లు స్టూలు జరుపుకుని భార్య వేళ్లను తన అరచేతి మీద పరిచి పట్టుకున్నాడు. రోజారాణి పట్టీ కట్టే ముందే వేలితో నరం వెతుక్కుంది. దొరికే దాకా తడిమింది. ఆ తర్వాతే పట్టీ కట్టి, సూది దించి, రక్తం కనబడగానే పట్టీ వదిలేసింది. మొత్తం అర నిమిషం. సిస్టర్ గడియారం చూస్తోంది. గొట్టాన్ని రోజారాణే చేతిలో పట్టుకుని ల్యాబ్ దాకా నడిచింది. పరుగెత్తితే కుదుపుకు రక్తకణాలు పగులుతాయేమోనని పరుగెత్తలేదు. మెట్లు కూడా ఒక్కొక్కటీ దిగింది.

హరీష్ మిషన్‌లో పెట్టాడు. “పోయి కూసో చెల్లె, ఫోన్ చేస్త” అన్నాడు. ఆమె కదలలేదు. మిషన్ లోపల ఏదో తిరుగుతున్న చప్పుడు. తన మాట తప్పైతే ఈ అరగంట సత్తమ్మ గుండెకు ఎంత బరువో లెక్కవేసుకుంటూ నిలబడింది. సత్తమ్మ ‘ఇగ పొడువు, నాకేం గుబుల్లేదు’ అన్న మాటే చెవిలో తిరుగుతోంది. పైన మానిటర్ మోగుతుందేమోనని చెవులు అటే పెట్టింది, ల్యాబ్ నుంచి అది వినపడదని తెలిసి కూడా.

“నాలుగు పాయింట్ నాలుగు” అన్నాడు హరీష్. మళ్లీ చూసి, “నాలుగు పాయింట్ నాలుగే” అన్నాడు.

ఆమె మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. పైకి వెళ్లేసరికి నర్మద సిస్టర్‌కు ఫోన్ వచ్చేసింది. ఇన్సులిన్ సిరంజి ట్రేలో లేదు, పారేశారు. డాక్టర్ టెల్మిసార్టన్ మళ్లీ రాసి, వారం తర్వాత ఇంకోసారి పొటాషియం చూడమని కింద గీత గీసి వెళ్లాడు.

సిస్టర్ తప్పుల పుస్తకం తెరిచి జరిగింది జరిగినట్టు రాసింది. రోజారాణి పేరు రాసింది, వదిలి వెళ్లిన స్టాఫ్ నర్సు పేరూ రాసింది. రోజారాణి డ్యూటీ ఇంకో పదిహేను రోజులు పెంచింది. అప్పటిదాకా సూది ముట్టుకోవద్దంది.

“సంతకం?” అని అడిగింది రోజారాణి. ఈసారి గొంతు అసలు రాలేదు, పెదాలే కదిలాయి.

“పదిహేను దినాలు అయినంక చూద్దాం.” తర్వాత తన బల్ల సొరుగులోంచి పొడుగాటి రిజిస్టర్ తీసి ఆమె చేతిలో పెట్టింది. “ముప్పై మంది కాపీలు సరిచేయించు. పెన్సిల్ రాతలన్నీ చెరిపి, నాది రాయించు. ఇంకోటి. తెగిన లైన్ ఉంటే నన్ను అడగాలె. అరుస్త, గంతే గద. అరిస్తే ఎవ్వరు చావరు.”

సాయంత్రం ఆమె రిజిస్టర్‌ను గుండెకు హత్తుకుని మా దుకాణానికి వచ్చింది. జరిగింది చెప్పింది. నేను షట్టర్ సగం దించి, రిజిస్టర్ పేజీని చిన్నది చేసి ఒకటి తీసి చూశాను. అడుగు పంక్తి పూర్తిగా వచ్చింది. ఆ రోజు ఇదే చేయడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆ మాట ఆమెతో అన్నాను.

“నువ్వు తెంపినవ్, నేను అతికిన కాకా” అంది. “అతుకుడే తప్పు.”

కౌంటర్ మీద ఆమె పాత కాపీ, సిస్టర్ రిజిస్టర్ పక్కపక్కన పరిచి పదకొండు పేజీలూ చూడటం మొదలుపెట్టాం. నేను రిజిస్టర్ చదివేవాణ్ని, ఆమె పెన్సిల్ రాత చదివేది. ఒలోల్ మందుల పేజీలో నాడి అరవై కంటే తగ్గితే గోలీ ఆపి డాక్టర్‌కు చెప్పాలని ఉంది. ఆమె కూడా అదే రాసుకుంది. ఊపిరి వదిలింది. సోడియం పేజీ సరిపోయింది. ప్రిల్ పేజీ సరిపోయింది. ఏడు పేజీలు సరిగ్గానే ఉన్నాయి. పిడికిలి పేజీ దగ్గర పెన్సిల్ రాతను కాగితం చిరిగేంతగా చెరిపింది.

తొమ్మిదో పేజీ డిపిన్ మందులది. నేను చదివాను: “పాదాల వాపు కనబడితే అది మందు వల్ల కావచ్చు. నీళ్లు తగ్గించి ప్రయోజనం లేదు. డాక్టర్‌కు చెప్పి మోతాదు లేదా మందు మార్పించాలి.”

తలెత్తి చూస్తే ఆమె బొటనవేలు ఆడుతోంది. దసరా నుంచి ఏప్రిల్ దాకా నెలలు లెక్కపెడుతోందని తర్వాత చెప్పింది. బయట ఎండ ఇంకా తగ్గలేదు. శంకరవ్వ రోజుకు రెండు చెంబుల నీళ్లతో గోడ నీడన కూర్చుని చుడుతూ ఉంటుంది.

ఫోన్ తీసింది. మోగీ మోగగానే అవతల ఎత్తారు.

“అవ్వా, నీళ్లు తాగినవా?”

“గిదేందే, తాగొద్దంటివి గద. నువ్వు చెప్పినట్టే రెండు చెంబులే తాగుతున్న. మూత్రం జర మంట మండుతుంది గని, కాళ్లు గట్లనే ఉన్నయ్.”

“అవ్వా, నేను చెప్పింది తప్పు.”

“ఆ?”

“తప్పు చెప్పిన. గిప్పుడు లేచి నీళ్లు తాగు. నేను ఫోన్ పెట్టను. తాగు.”

“చేతినిండ ఆకు ఉందే, గీ కట్ట అయినంక…”

“ఆకు పక్కకు పెట్టు.” ఆమె గొంతు సందు చివరికి వినపడింది. రోడ్డు మీద ఇద్దరు ఆగి చూశారు. “రేపు పొద్దుగాల బాపును తోలుకొని దవాఖానకు పో. కాళ్లు చూపెట్టు. మూత్రం మంట సంగతి చెప్పు. గోలీ మార్చాల్నా అని అడుగు. నీ అంతట నువ్వు బంద్ చెయ్యకు. మా బిడ్డ తప్పు చెప్పిందని చెప్పు.”

“గట్లెందుకు చెప్పుత? నవ్వరా?”

“నవ్వనియ్.”

అవతల చాట కింద పెట్టిన చప్పుడు, కుండ మూత చప్పుడు. తర్వాత గుటకలు. రోజారాణి ఫోన్ చెవికి నొక్కిపట్టుకుని కళ్లు మూసుకుని వింటోంది. నేను రిజిస్టర్‌లో పదో పేజీ తెరిచి, మిషన్ ఆపి, ఆమె వినడం అయ్యేదాకా ఆగాను.